బాలింత గదిలో నిప్పు

నివురుగప్పిన నిప్పు అంటూ ఉంటాం కదా, పైకి చల్లగా కనిపిస్తూ లోపల రగిలే మనుషుల గురించి. ఆ మాట పుట్టింది మాత్రం పొయ్యి దగ్గరే. రాత్రి వంట ముగిశాక పొయ్యిలో మిగిలిన కణికల మీద బూడిద కప్పి పడుకునేవాళ్లు మన పాతకాలపు ఆడవాళ్లు. తెల్లారి లేచి, బూడిద పక్కకి నెట్టి, నాలుగు పుల్లలు వేసి ఊదితే మంట లేచేది. అగ్గిపెట్టెలు వచ్చాక అది పొదుపు. అవి రాకముందు మాత్రం అవసరం.

ఐరోపాలోనూ ఇదే పని చేసేవాళ్లు, కాకపోతే అక్కడ గంట కొట్టి మరీ చేయించేవాళ్లు. కర్ఫ్యూ అనగానే మనకి పోలీసు జీపులూ మూసిన షట్టర్లూ గుర్తొస్తాయి గానీ, ఆ మాటకి పాత ఫ్రెంచిలో అసలు అర్థం "నిప్పు కప్పు" అని. చీకటి పడగానే ఊళ్లో గంట మోగేది, ఇంటింటా పొయ్యి మీద మూత పడేది. చెక్క గోడలు, గడ్డి కప్పులు, ఒకదాన్నొకటి ఒరుసుకునే ఇళ్లు. ఒక్క ఇల్లాలు ఏమరిస్తే వీధంతా బూడిదే. మన తాటాకు ఇళ్ల వాడలకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇంతకీ నేను వంటా వార్పూ మానేసి నిప్పు చరిత్ర చదువుతూ కూర్చోవడానికి కారణం ఉంది. మా అమ్మాయి పురిటికి వచ్చింది. పుష్యమాసంలో నెలలు నిండుతాయి. మా హనుమకొండ ఇంట్లో వెనక గదిని ఆమెకి సిద్ధం చేయాలి. గది చల్లన, ఉత్తరపు గోడ, పొద్దున పదింటికి గానీ ఎండ పొడ తగలదు. బాలింతనీ పసిగుడ్డునీ ఎలా వెచ్చగా ఉంచాలన్న దాని మీద ఇంట్లో మూడు పార్టీలు తయారయ్యాయి. మా అత్తమ్మది కుంపటి పార్టీ. బెంగళూరులో ఉన్న మా అల్లుడిది రూమ్ హీటరు పార్టీ, ఆర్డరు కూడా పెట్టేశాడు. మా ఆయనది ఏ పార్టీ కాదు, "మీరిద్దరూ తేల్చుకోండి" పార్టీ.

అత్తమ్మకి 82 ఏళ్లు. పుట్టిల్లు ఆదిలాబాద్ వైపు పల్లె. చలికాలంలో రాత్రిళ్లు పది డిగ్రీల కిందికి దిగిపోయే చోటు అది. ఆమె మాటల్లో బాలింత గది అంటే ఒక పద్ధతి: నులక మంచం, మంచం కింద మట్టి కుంపట్లో బొగ్గులు, వాటి మీద కాస్త వామూ సాంబ్రాణీ, కిటికీ సందుల్లో గుడ్డ పేలికలు, తలుపు వేసి గడియ. బాలింతకి గాలి తగలకూడదు. ఆ పద్ధతిలో వందల ఏళ్లుగా పిల్లలు పెరిగారు, నిజమే. ఇంకో నిజం కూడా ఉంది, దాన్ని ఆమే ఒక మధ్యాహ్నం పప్పు ఏరుతూ చెప్పింది.

ఆమెకి మొదటి కాన్పులో ఆడపిల్ల పుట్టింది. పుట్టింట్లోనే, ఇలాంటి చలికాలంలోనే. తొమ్మిదో రోజు తెల్లవారుజామున పాప లేవలేదు. "గాలి సోకిందన్నరు బిడ్డా. నాకూ తెలివి లేకుండె. మా చెల్లె నా పక్కన పండుకుంటుండె, దానికి తెల్లారినంక ఒకటే తలనొప్పి, వాంతులు. గదిల గాలి చేరిందని భూతవైద్యుని పిలిపిచ్చిన్రు" అంది. అరవై ఏళ్ల కిందటి సంగతిని నిన్నటి కూర గురించి చెప్పినట్టు చెప్పి, మళ్లీ పప్పులో రాళ్లు ఏరుకుంది.

ఒకే గదిలో ముగ్గురు, ముగ్గురికీ ఒకే రాత్రి. తలనొప్పి, వాంతులు, స్పృహ తప్పడం. ఇవి ఏ గాలి లక్షణాలో ఇప్పుడు పదో తరగతి పిల్లలు కూడా చెప్పగలరు. బొగ్గుకి చాలినంత గాలి అందకుండా కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు, కంటికి మంట కూడా పెట్టదు. కట్టెపొయ్యి నయం, పొగ వచ్చి దగ్గించి మనల్ని బయటికి తరుముతుంది. బొగ్గు కుంపటి పొగ లేకుండా ముచ్చటగా ఎర్రగా ఉంటుంది, అందుకే గదిలోకి తెచ్చుకుంటాం. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్, ఆక్సిజన్ కన్నా ఈ వాయువునే 200 రెట్లకి పైగా గట్టిగా పట్టుకుంటుంది. కడుపులో ఉన్న బిడ్డా, పుట్టిన పసిబిడ్డా పెద్దవాళ్ల కన్నా ముందే దెబ్బతింటారు.

ఈ సంగతిని ఓపిగ్గా తవ్వి తీసినవాళ్లలో బ్రిటన్‌కి చెందిన జాన్ స్కాట్ హాల్డేన్ ఒకడు. తనే ఆ వాయువు పీల్చి, ఒంట్లో ఏమవుతోందో రాసుకున్న మనిషి. బొగ్గు గనుల్లో పేలుళ్లు జరిగినప్పుడు చనిపోయినవాళ్లలో ఎక్కువమంది మంటకి కాదు, ఆ తర్వాత గనిలో నిండే ఈ వాయువుకి పోతున్నారని 1896లో నివేదిక ఇచ్చాడు. చిన్న ప్రాణులకి ముందు తెలుస్తుంది కాబట్టి ఎలుకల్నో చిన్న పిట్టల్నో వెంట తీసుకెళ్లమన్నాడు. గనుల్లో పసుపు కేనరీ పిట్టల పంజరాలు అలా వచ్చాయి. బ్రిటన్ గనుల్లో వాటికి సెలవిచ్చింది 1986లో! ఆ ఊళ్లో మా అత్తమ్మ గదిలో పంజరం లేదు. పాప ఉంది.

ఇది చదువురాని పల్లెల వ్యవహారం అనుకుంటారేమో, కాదు. ఫ్రాన్సులో ఎమిల్ జోలా ఎంత పేరున్న రచయిత! 1902 సెప్టెంబరు 29న పారిస్‌లో సొంత ఇంట్లో, పడగ్గదిలో, ఇదే వాయువుతో పోయాడు. చలిగా ఉందని నిప్పు వేయించుకున్నారు, కిటికీలు మూశారు, పొగగొట్టం పూడుకుపోయి ఉంది. పక్కనే ఉన్న భార్య బతికింది. ఆ గొట్టాన్ని ఎవరో కావాలని మూశారన్న అనుమానం తర్వాత చాలా కాలం నడిచింది, అది వేరే కథ. మన దగ్గర ఈ కథ ఇప్పటికీ కొనసాగుతూనే ఉంది. ఉత్తరాదిలో చలి ముదిరితే చాలు, గదిలో అంగీఠీ పెట్టుకుని పడుకున్న కుటుంబం లేవలేదన్న వార్త పేపర్లో రాని ఏడాది లేదు.

అత్తమ్మ పాపకి అదే జరిగిందని నేను ఒట్టేసి చెప్పలేను. ఏ డాక్టరూ చూడలేదు. కానీ నా అనుమానం ఆమెకి చెప్పాలా? చెబితే, గాలీ ధూళీ మీద ఇన్నేళ్లుగా ఉన్న నింద వాళ్లమ్మ మీదికి వస్తుంది. చలికి బిడ్డ ఏమైపోతుందోనని అర్ధరాత్రి లేచి కుంపట్లో బొగ్గులు ఎగదోసిన తల్లి ఆమె. నేను చెప్పలేదు. చెప్పను కూడా. చెప్పకుండానే కుంపటి మాన్పించడం ఎలా అన్నదే నాకు మిగిలిన పని.

నిప్పుని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోయడం కూడా ఒక ప్రమాదమే. మా అమ్మ వాళ్ల చిన్నప్పుడు పొద్దున్నే పిడక పట్టుకుని పక్కింటికి నిప్పుకి వెళ్లేవాళ్లట. దార్లో కణిక జారి గడ్డివాములో పడిన కథలు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. అమెరికాలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ 1735లో సరిగ్గా దీని గురించే తన పత్రికలో ఒక ఉత్తరం అచ్చేశాడు, ముసలి పౌరుడిలా మారుపేరుతో. నిప్పుని తెరిచిన పారలో పెట్టుకుని ఒక గది నుంచి ఇంకో గదికీ మెట్ల మీదికీ మోయకండి, మూత ఉన్న పళ్లెంలో తీసుకెళ్లండి, రవ్వ నేల సందులో పడితే అర్ధరాత్రి గానీ బయటపడదు, అప్పుడు మెట్లే కాలుతుంటే మీరు కిటికీలోంచి దూకాలి అని హెచ్చరించాడు. అప్పటికి ఆయనకి 29 ఏళ్లు. ఆ మరుసటి ఏడాదే ఫిలడెల్ఫియాలో నిప్పులార్పే సంఘం ఒకటి పెట్టించాడు. పడగ్గదికి నిప్పు మోసే మూత పళ్లెం గురించి దేశనాయకుడంతటి వాడు ఆలోచించాడంటే నాకు ముచ్చటేసింది. మన నాయకుల్లో ఎంతమందికి ఇంట్లో మెయిన్ స్విచ్ ఎక్కడుందో తెలుసు?

లండన్ సంగతి అందరికీ తెలిసిందే. 1666 సెప్టెంబరు 2, అర్ధరాత్రి దాటాక పుడ్డింగ్ లేన్ అనే సందులో ఒక రొట్టెల బట్టీలో మొదలైన నిప్పు 13,000కు పైగా ఇళ్లని తినేసింది. బట్టీ యజమాని చివరిదాకా, నేను పొయ్యి ఆర్పే పడుకున్నానన్నాడు. ఆ తర్వాత కొత్త ఇళ్లని ఇటుకతోనూ రాతితోనూ కట్టాలని చట్టం చేశారు. కాలితే గానీ కదలరు, అక్కడైనా ఇక్కడైనా.

మధ్యలో కిరసనాయిలు యుగం ఒకటి ఉంది గానీ దాని మీద ఎక్కువ రాయబుద్ధి కావడం లేదు. పంపు స్టవ్వు 1890ల్లో స్వీడన్‌లో పుట్టి, ప్రైమస్ పేరుతో ప్రపంచమంతా తిరిగి మన ఇళ్లకి వచ్చింది. వేగంగా వండిపెట్టింది, పొగ నుంచి విముక్తి ఇచ్చింది. నిజంగా పేలిన స్టవ్వులున్నాయి. పేలని స్టవ్వులూ ఉన్నాయి. నా కాలేజీ రోజుల్లో పేపర్లో "స్టవ్వు పేలి కోడలి మృతి" అన్న వార్త వస్తే మా హాస్టల్లో ఎవరూ స్టవ్వు గురించి మాట్లాడుకునేవాళ్లు కాదు, అత్తగారి గురించీ కట్నం గురించీ మాట్లాడుకునేవాళ్లు. 1983లో 498-ఎ, 1986లో 304-బి శిక్షాస్మృతిలోకి వచ్చింది అలాంటి చావుల తర్వాతే. వంటింటి అగ్ని ప్రమాదాల చరిత్రలో ప్రమాదం కానివి కూడా ఉన్నాయని మర్చిపోకూడదు. అంతవరకే.

ఇక కరెంటు. దీంట్లో మంట కనిపించదు కాబట్టి నిప్పే లేదనుకుంటాం. ఉంది. దాన్ని గోడల్లో దాచాం, అంతే.

జేమ్స్ జూల్ అనే ఆయన, బీరు బట్టీల కుటుంబం వాడు, తీగలో కరెంటు పారితే ఎంత వేడి పుడుతుందో కొలిచి 1841లో ప్రకటించాడు. ఇల్లాలికి పనికొచ్చే ముక్క ఏమిటంటే, అదే తీగలో కరెంటు రెట్టింపైతే వేడి రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. మూడింతలైతే తొమ్మిదింతలు. సెల్‌ఫోను చార్జరు పెట్టినప్పుడు గోడలో తీగ చల్లగా ఉందని, అదే చోట హీటరు పెడితే ఏమవుతుంది అనుకోవడం ఎందుకు తప్పో ఈ లెక్క చెబుతుంది.

వేడి పుట్టించే తీగ మాత్రం చాలా కాలం దొరకలేదు. ఇనుప తీగ ఎర్రగా కాగితే గాల్లో తుప్పుపట్టి తెగిపోయేది, ప్లాటినం అయితే రాజులకే. 1906లో అమెరికాలో ఆల్బర్ట్ మార్ష్ నికెల్, క్రోమియం కలిపి ఒక మిశ్రలోహానికి పేటెంటు తీసుకున్నాడు. నైక్రోమ్. ఎర్రగా కాగినప్పుడు దాని ఒంటి మీద ఒక సన్నని పొర ఏర్పడి, లోపలి లోహాన్ని కాలిపోకుండా కాపాడుతుంది. నివురుగప్పినట్టే! ఇస్త్రీపెట్టె, బకెట్లో వేసే రాడ్డు, గీజరు, రూమ్ హీటరు, అన్నీ ఆ వరస లోహాల పిల్లలే. గీజరు పేరు మాత్రం ఇంకా పాతది. ఐస్‌లాండ్‌లో వేడినీళ్ల బుగ్గ పేరది. 1868లో లండన్‌లో ఒకాయన గ్యాసుతో నీళ్లు కాచే యంత్రం చేసి దానికి ఆ పేరు పెట్టాడు. పొగ బయటికి పోయే గొట్టం పెట్టడం మాత్రం ఆయనకి తట్టలేదు. కిటికీ లేని స్నానాలగదిలో గ్యాస్ గీజరు పెట్టించుకునేవాళ్లు నూట యాభై ఏళ్ల తర్వాత కూడా ఉన్నారు, వాళ్లకీ తట్టడం లేదు. అది కూడా కుంపటే, కాస్త తళతళలాడుతుంది.

ఇప్పుడు మన మూడు పిన్నుల ప్లగ్గు సంగతి. దీని మీద నాకు గౌరవం ఎక్కువ. గుండ్రటి పిన్నుల ఈ ప్లగ్గు బ్రిటిష్ వాళ్లది, 1934 నాటి వాళ్ల ప్రమాణం. వాళ్లు 1947లో చదరపు పిన్నులకి మారారు, ప్లగ్గు లోపలే చిన్న ఫ్యూజు కూడా పెట్టుకున్నారు. మనం అదే ఏడు వాళ్లని పంపేసి, వాళ్ల పాత ప్లగ్గుని ఉంచుకున్నాం. అందులో చిన్నది 5 ఆంపియర్లు, పెద్దది 15, ఇప్పుడు 6, 16 అంటున్నాం. పైనున్న లావు పిన్ను మిగతా రెంటి కన్నా పొడుగు. ఎందుకంటే ప్లగ్గు పెట్టేటప్పుడు ముందు భూమికి తగలాలి, తీసేటప్పుడు ఆఖరున వదలాలి. పెద్ద ప్లగ్గు చిన్న సాకెట్టులో పట్టదు. అది తయారుచేసినవాళ్ల చేతగానితనం కాదు, తెలివి. "ఈ గోడలో తీగ సన్నం, నీ బరువు మోయలేదు" అని చదువు రానివాళ్లకి కూడా అర్థమయ్యేలా చెప్పడం అది.

మరి మనం ఏం చేశాం? పెద్ద ప్లగ్గుని చిన్న సాకెట్టులో పట్టించే ముక్కని కనిపెట్టి యాభై రూపాయలకి అమ్ముతున్నాం. ఒక లెక్క చూడండి. 2000 వాట్ల హీటరు, మన 230 వోల్టుల మీద, దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. 3000 వాట్ల గీజరైతే 13. 6 ఆంపియర్ల సాకెట్టు నోట్లో దాన్ని కుక్కితే, అక్కడికక్కడ ఏమీ కాదు. అదే అసలు ప్రమాదం. పది రోజులు బాగానే నడుస్తుంది. లోపల మాత్రం ఇత్తడి రేకు వేడెక్కి పట్టు వదులవుతుంది, వదులైనకొద్దీ ఇంకా వేడెక్కుతుంది, తీగ మీది పీవీసీ తొడుగు మెత్తబడుతుంది. ఇళ్లలో వాడే మామూలు పీవీసీ తీగ ఓర్చుకునేది 70 డిగ్రీలు. ఒక రోజు సాకెట్టు చుట్టూ గోధుమరంగు మచ్చ వస్తుంది. ఎవరూ చేపలు వండకపోయినా గదిలో చేపల వాసన లాంటిది వస్తుంది. ఆ వాసన వస్తే ఆలోచించడానికేం లేదు, మెయిన్ కట్టేసి ఎలక్ట్రీషియన్‌ని పిలవడమే.

ఫ్యూజు లేదా, ఎమ్‌సీబీ లేదా అంటారు. ఫ్యూజు ఎడిసన్ కాలం నుంచీ ఉంది. ఆలోచన ఎంత సులువైందంటే, తీగల దారిలో కావాలని ఒక బలహీనమైన ముక్క పెట్టడం. భారం ఎక్కువైతే ఇల్లు కాలేబదులు అది కాలుతుంది. మా ఇంట్లో పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులుండేవి. మా మామయ్య, దేవుడులాంటి మనిషి, ఫ్యూజు పోయిన ప్రతిసారీ స్టూలెక్కి, పాత ఫ్యాను వైరు ఒలిచి, నాలుగు పోగులు మెలిపెట్టి చుట్టేవారు. "ఇక పదేళ్లు పోదు" అనేవారు గర్వంగా. పోలేదు కూడా. పోకపోవడమే దాని లోపమని ఆయనకి చెప్పగలిగినవాళ్లు మా వీధిలో లేరు, అందరూ ఆయన దగ్గరికే ఫ్యూజు వేయించుకోవడానికి వచ్చేవాళ్లు.

ఈ మెలిపెట్టుడికి విరుగుడు జర్మనీలో 1924లోనే వచ్చింది. హ్యూగో స్టాట్జ్ అనే ఇంజినీరు పేరు మీద పేటెంటైన చిన్న సర్క్యూట్ బ్రేకరు. భారం మించితే మీట కిందికి పడుతుంది, మనం పైకి తోసుకోవడమే, మధ్యలో మామయ్యలకి పని లేదు. మన మామూలు ఇళ్లలోకి ఎమ్‌సీబీలు బాగా రావడానికి ఇంకో అరవై, డెబ్భై ఏళ్లు పట్టింది. ఆ తర్వాత 1961లో బర్క్‌లీలో ప్రొఫెసర్ చార్లెస్ డాల్జీల్ ఇంకో కాపలావాణ్ణి తయారుచేశాడు. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ లెక్క చూసి, ఏ కొంచెం తగ్గినా, అంటే ఏ మనిషి ఒంట్లోంచో తడిగోడలోంచో కారిపోతున్నా, కన్నుమూసి తెరిచేలోపు ఆపేసేది. ఆ జాతిదే మన దగ్గర దొరికే ఆర్‌సీసీబీ, ఇళ్లకి 30 మిల్లీఆంపియర్లది పెడతారు.

అయినా ఒక మాట. వదులైన సాకెట్టుని ఈ ఇద్దరు కాపలావాళ్లూ పట్టుకోలేరు. అక్కడ కరెంటు ఎక్కువేమీ పోవడం లేదు, ఎక్కడికీ కారడం లేదు, ఒక చోట నిలబడి వేడెక్కుతోంది. దాన్ని పట్టేది మన అరచెయ్యే. హీటరు అరగంట నడిచాక ఆపి, ప్లగ్గు తీసి ముట్టుకుని చూస్తే తెలిసిపోతుంది. గోరువెచ్చన వరకు సరే, చెయ్యి పెట్టలేనంత కాగితే ఆ సాకెట్టు మార్చాలి.

హీటరు అంటే నాకు భయం పట్టుకున్నది న్యూయార్క్ వార్త చదివాక. 2022 జనవరి 9, ఆదివారం పొద్దున, బ్రాంక్స్‌లో 19 అంతస్తుల భవనం. ఒక ఇంటి పడగ్గదిలో ఎలక్ట్రిక్ హీటరు నుంచి నిప్పు పుట్టింది. చలికి దాన్ని ఆపకుండా నడుపుతున్నారు. మంటలు ఆ ఇంటినీ బయటి వసారానూ దాటి పెద్దగా పోలేదు. పొగ మాత్రం పోయింది. భయపడి పరుగెత్తినవాళ్ల వెనక ఇంటి తలుపు దానంతటది మూసుకోవాలి, మూసుకోలేదు. పైన 15వ అంతస్తులో మెట్ల దగ్గర తలుపూ తెరిచే ఉంది. మెట్ల దారి మొత్తం పొగగొట్టమైపోయింది. 17 మంది పోయారు, అందులో 8 మంది పిల్లలు. చాలామంది ఆఫ్రికాలోని గాంబియా నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చిన కుటుంబాల వాళ్లు. మంచు పడే దేశాల్లో చవక అపార్ట్‌మెంట్లలో, బేస్‌మెంట్లలో సర్దుకునే మన పిల్లలకీ ఆ కుటుంబాలకీ పెద్ద తేడా ఏముంది? అక్కడ పిల్లలున్న తల్లులు ఫోన్‌లో "తిన్నావా" తర్వాత "హీటరు దేనికి పెట్టావు" అని కూడా అడగొచ్చు. ఎక్స్‌టెన్షన్ బాక్సుకి కాదు, గోడ సాకెట్టుకే పెట్టాలి. దుప్పటికీ పరుపుకీ కర్టెన్‌కీ మూడడుగుల దూరం. నిద్రపోయేటప్పుడు ఆపెయ్యాలి. నిప్పు పుడితే బయటికి పోతూ తలుపు లాగి మూసెయ్యాలి. ఆ ఘటన తర్వాత న్యూయార్క్‌లో, దానంతటది ఆగే ఏర్పాటు లేని హీటర్లు అమ్మకూడదని చట్టం తెచ్చారు. మళ్లీ అదే, కాలాక.

మా వెనక గదికి వస్తాను. ఇల్లు 1986లో కట్టింది, అప్పటి లెక్కలు ఒక బల్బు, ఒక ఫ్యాను, ఒక రేడియో. ఎలక్ట్రీషియన్ తీగ బయటికి లాగి చూపించాడు, దారం లాంటిది. బోర్డు నుంచి ఆ గదికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ లాగించాం, 16 ఆంపియర్ల సాకెట్టు ఒకటే, దానికి విడి ఎమ్‌సీబీ, ఇంటి మొత్తానికి ఆర్‌సీసీబీ. అల్లుడు ఆర్డరిచ్చిన, ఎర్రగా కాగే కడ్డీల హీటరు వెనక్కి పంపించి, నూనె నిండిన రేకుల హీటరు తెప్పించాం. పక్కకి ఒరిగితే ఆగిపోతుంది, గది వేడెక్కితే ఆగిపోతుంది. దాని మీద పాప గుడ్డలు ఆరేయకూడదన్నది మా ఆయనకి పదిసార్లు చెప్పాను, ఆయన తడి తువ్వాలు కనిపించిన ప్రతి వెచ్చని వస్తువు మీదా వేస్తారు.

మా అమ్మాయి డాక్టరమ్మ అయితే హీటరు మాటే తీసెయ్యమంది దాదాపుగా. పసిబిడ్డకి మొదటి హీటరు తల్లి ఒళ్లేనంది. 1978లో కొలంబియా దేశం బొగోటాలో ఒక ఆసుపత్రిలో ఇంక్యుబేటర్లు చాలక, ఎడ్గర్ రే అనే పిల్లల వైద్యుడు బరువు తక్కువ బిడ్డల్ని తల్లుల గుండెల మీద, ఒంటికి ఒళ్లు తగిలేలా కట్టించాడట. పిల్లలు బతికారు. కంగారూ పద్ధతి అని ఇప్పుడు ప్రపంచమంతా నేర్పుతున్నారు. ఈ ముక్క అత్తమ్మకి చెబితే "గది నేర్పనీకి డాక్టరు గావాల్నా?" అంది.

పొగని పసిగట్టే అలారం కూడా ఒకటి పైకప్పుకి తగిలించాం. దాని కథ తమాషాగా ఉంటుంది. 1930ల చివర స్విట్జర్లాండ్‌లో వాల్టర్ యేగర్ అనే శాస్త్రవేత్త విషవాయువుని పట్టే యంత్రం చేయబోయి, కుదరక, విసుగొచ్చి సిగరెట్టు వెలిగించాడు. యంత్రం ముల్లు ఆ పొగకి కదిలింది! ఇళ్లలో బ్యాటరీతో పెట్టుకునేంత చిన్నది కావడానికి 1960లు రావలసి వచ్చింది. మా ఇంట్లో పెట్టిన సాయంత్రమే అత్తమ్మ దేవుడికి సాంబ్రాణి వేసింది, అది వీధి చివరిదాకా వినిపించేలా అరిచింది. అప్పటి నుంచి ధూపం ముందు గదిలోనే.

కుంపటి కోసం ఆమె ముందే బజారు నుంచి తెప్పించి పెట్టుకున్న బొగ్గుల సంచీ మాత్రం మిగిలిపోయింది. పారేయమంటే ఊరుకోదు. ఎలక్ట్రీషియన్ మూడో రోజు ఎర్తింగ్ గుంత తవ్వుతూ, అడుగున వేయడానికి ఉప్పూ బొగ్గూ కావాలన్నాడు. నేల తేమ పట్టి ఉంటే కరెంటు తేలిగ్గా లోపలికి దిగుతుందని పొరలు పొరలుగా వేస్తారు. నేను అడిగేలోపే అత్తమ్మ సంచీ మోసుకుంటూ పెరట్లోకి వచ్చి, గుంత గట్టున పీట వేసుకుని కూర్చుంది.

"ఇదెందుకు బిడ్డా?" అంది.

"అమ్మమ్మా, కరెంటు ఎప్పుడన్న దారి తప్పితే మనుషుల మీదికి రాకుండ సీదా భూమిలకు పోతది. పాప ఉండే ఇల్లు గదా."

ఆమె సంచీలోకి చూసింది, గుంతలోకి చూసింది. "గట్లనా? మరి సగమే ఏస్తివేంది. మొత్తం పొయ్యి" అంది.